హార్మోన్ల డాక్టరు దగ్గరకు పంపమని అడిగితే మా డాక్టరు నొచ్చుకుంటారా?

ప్రశ్న: నాకు 34 ఏళ్ళు. మూడేళ్ళ క్రితం థైరాయిడ్ తక్కువగా ఉందన్నారు. 50 మైక్రోగ్రాముల మాత్రతో మొదలుపెట్టి 75కు పెంచారు. అయినా టీఎస్‌హెచ్ (థైరాయిడ్ తగ్గితే పెరిగే, ఎక్కువైతే తగ్గే అంకె) 7.4 దగ్గరే నిలిచింది. జుట్టు బాగా రాలుతోందని నాలుగు నెలల క్రితం బయోటిన్ అనే విటమిన్ మాత్రలు మొదలుపెట్టాను. ఆ తర్వాత చేసిన పరీక్షలో టీఎస్‌హెచ్ 0.2 వచ్చింది. మోతాదు ఎక్కువైందని మళ్ళీ 50కి తగ్గించారు. అప్పటినుంచి అలసట ఇంకా పెరిగింది. నెలసరి ఏడాదిగా క్రమం తప్పింది, ఇప్పుడు రెండున్నర నెలలుగా రాలేదు. గడ్డం కింద గరుకు వెంట్రుకలు వస్తున్నాయి. మరచిపోకుండా ఉండాలని థైరాయిడ్ మాత్ర, కాల్షియం, ఐరన్ అన్నీ పొద్దున్నే ఒకేసారి వేసుకుంటాను. హార్మోన్ల డాక్టరు దగ్గరకు పంపమని మా ఫ్యామిలీ డాక్టరును అడిగితే, ‘థైరాయిడ్‌కు స్పెషలిస్టు దాకా ఎందుకమ్మా’ అని నవ్వేశారు. పదేళ్ళుగా మా ఇంటిల్లిపాదినీ చూస్తున్న మనిషి. మళ్ళీ అడిగితే నా మీద నమ్మకం లేదా అనుకుంటారేమో. మా వదినేమో నలభై హార్మోన్ పరీక్షలు ఒకేసారి చేసే ప్యాకేజీ ఉందట, అది చేయించుకో అంటోంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందు ఒక పని చేసి ఆ తర్వాత మిగతాది చదవండి. రేపు ఉదయం గర్భ పరీక్ష చేసుకోండి. నెలసరి క్రమం తప్పిన వాళ్ళు ‘నాకు ఎప్పుడూ ఇంతేలే’ అనుకుని ఈ ఒక్కటీ వదిలేస్తారు. ఒకవేళ గర్భం ఉంటే ఈ ఉత్తరంలోని లెక్కలన్నీ మారిపోతాయి. తొలి వారాల్లో బిడ్డకు కావలసిన థైరాయిడ్ హార్మోను తల్లి దగ్గరనుంచే వెళ్ళాలి, అందుకే మాత్ర మోతాదు సాధారణంగా పావు వంతు నుంచి మూడో వంతు దాకా పెంచవలసి వస్తుంది, అదీ వెంటనే. అప్పుడు ఎవరి మొహమాటమూ చూడకుండా ఆ రోజే డాక్టరుకు ఫోను చేయాలి. మాత్ర మాత్రం ఆపకూడదు.

గర్భం లేదని తేలితే, రండి, తీరిగ్గా మాట్లాడుకుందాం.

నేను ముప్ఫై ఏళ్ళు ఫ్యామిలీ డాక్టరుగా పనిచేశాను. అంటే, మీరు ఎవరు నొచ్చుకుంటారోనని భయపడుతున్నారో ఆ కుర్చీలో కూర్చున్నవాణ్ణే. లోపలి మాట చెబుతున్నాను: ‘స్పెషలిస్టు దగ్గరకు పంపండి’ అని ఊరికే అడిగితే మాకు కాస్త చురుక్కుమనే మాట నిజం. ‘మీరు చేసింది చాలలేదు’ అన్నట్టు వినిపిస్తుంది. ‘ఈ ఒక్క విషయం నాకు అంతుపట్టడం లేదు, దీనికి జవాబు ఎవరు చెప్పగలరు?’ అంటే చురుక్కుమనదు. మేమూ ఆలోచనలో పడతాం. పంపే చీటీ అనేది ఒక డాక్టరు మరో డాక్టరును అడిగే ప్రశ్న. ప్రశ్న లేని చీటీ చాలా రాశాను, ‘థైరాయిడ్, దయచేసి చూడగలరు’ అని. వాటికి జవాబులూ అలాగే వచ్చేవి: ‘చూశాం. అదే మాత్ర కొనసాగించండి.’

కాబట్టి మీ ప్రశ్న ఏమిటో తేల్చుకుందాం. మీ ఉత్తరంలో రెండు విషయాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. ఒకటి, అంకెలు నిలకడగా లేని థైరాయిడ్. రెండు, తప్పిన నెలసరి, గడ్డం కింద వెంట్రుకలు. మొదటిది చాలావరకు మీ ఇంట్లోనే సర్దుకోవచ్చని నా అనుమానం. స్పెషలిస్టు అవసరం రెండోదానికి ఎక్కువ. మీరేమో మొదటిదాని పేరు చెప్పి చీటీ అడిగారు, ఆయన నవ్వేశారు.

మొదటిది చూడండి. థైరాయిడ్ మాత్ర మహా సున్నితమైనది. కడుపులో కాల్షియమో ఐరనో ఎదురైతే వాటికి అతుక్కుపోయి, పేగులోంచి రక్తంలోకి చేరకుండా బయటికి పోతుంది. మీరు రోజూ 75 మింగారు, ఒంటికి చేరింది ఎంతో ఎవరికి తెలుసు? టీఎస్‌హెచ్ 7.4 దగ్గర మొండికేయడానికి ఇదొక్కటే చాలు. పరగడుపున నీళ్ళతో ఆ మాత్ర ఒక్కటే వేసుకోండి. అరగంట నుంచి గంటదాకా ఏమీ తినవద్దు, కాఫీ కూడా వద్దు. కాల్షియం, ఐరన్ కనీసం నాలుగు గంటలు ఎడంగా. అవి ఎప్పుడు వేసుకోవాలో గుర్తుండదనుకుంటే మధ్యాహ్న భోజనానికి ముడిపెట్టండి. పొద్దున కుదరని వాళ్ళు రాత్రి పడుకునే ముందు, చివరిసారి తిన్న మూడు గంటల తర్వాత వేసుకోవచ్చు. ఈ రెండింటిలో ఏ వేళైనా ఫరవాలేదు, రోజూ అదే వేళ అయితే చాలు.

ఇక 0.2 సంగతి. మీరు ‘జుట్టు మాత్రలు’ అని ఊరుకోకుండా బయోటిన్ అని పేరు రాయడం మంచిదైంది. చాలా ప్రయోగశాలల్లో హార్మోన్లను కొలిచే యంత్రాలు బయోటిన్‌కు ఒక ప్రోటీను గట్టిగా అతుక్కునే గుణాన్ని కొలమానంలో భాగంగా వాడుకుంటాయి. రక్తంలో బయోటిన్ మోతాదుకు మించి ఉంటే ఆ కొలత తప్పుతుంది. అలాంటి యంత్రంలో టీఎస్‌హెచ్ ఉన్నదానికంటే తక్కువగా, టీ4, అంటే థైరాయిడ్ తయారుచేసే హార్మోను, ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తాయి. కాగితం మీద చూస్తే అచ్చం థైరాయిడ్ ఎక్కువైనట్టే ఉంటుంది, మనిషి మాత్రం నీరసంతో తూలుతుంటుంది. ఈ గందరగోళం గురించి అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2017లోనే హెచ్చరిక జారీచేసింది. అయినా రక్తం తీసే చోట ‘ఏమైనా విటమిన్లు వాడుతున్నారా’ అని అడిగేవాళ్ళు అరుదు. మీ డాక్టరు తప్పేమీ లేదు, ఆ మాత్రల సంగతి ఆయనకు మీరు చెప్పినట్టు ఉత్తరంలో లేదు మరి. మీ విషయంలో జరిగింది ఇదేనని ఇక్కడినుంచి తేల్చలేను. కానీ ఆ 0.2ను నమ్మి మోతాదు తగ్గించడం, ఆ వెంటనే అలసట పెరగడం చూస్తే, అనుమానించకుండా ఉండలేను.

అలాగని మీ అంతట మీరు మళ్ళీ 75కు వెళ్ళవద్దు. ఆ 0.2 నిజమైనదే అయితే గుండె దడతో, ఎముకల నష్టంతో మూల్యం చెల్లించేది మీరే. బయోటిన్ ఆపి, కనీసం రెండు మూడు రోజులు పోనిచ్చి, టీఎస్‌హెచ్‌తో పాటు ఫ్రీ టీ4 కూడా చేయించమని మీ డాక్టరును అడగండి. రక్తం వీలైనంతవరకు ప్రతిసారీ ఒకే చోట, ఒకే వేళకు ఇవ్వండి. టీఎస్‌హెచ్ తెల్లవారుజామున ఎక్కువగా ఉండి మధ్యాహ్నానికి తగ్గుతుంది, ప్రయోగశాల మారితే కొలమానమూ కొంత మారుతుంది. ఆ రోజు మాత్ర రక్తం ఇచ్చాక వేసుకోండి. మోతాదు మారినా, మాత్ర వేసుకునే పద్ధతి మారినా, ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాతే మళ్ళీ పరీక్ష. ఈ హార్మోను రక్తంలో సగానికి తగ్గడానికే దాదాపు వారం పడుతుంది, కొత్త మట్టానికి కుదురుకోవడానికి కొన్ని వారాలు కావాలి. పదిహేను రోజులకోసారి పరీక్ష చేయించుకుని అంకెల వెంట పరుగెత్తే వాళ్ళను చూశాను. పాపం, వాళ్ళకు మిగిలేది చేతి మీద సూది గుర్తులే.

రెండోది అసలు విషయం. ముప్ఫై నాలుగేళ్ళ మనిషికి ఏడాదిగా నెలసరి గతి తప్పి, ముఖాన గరుకు వెంట్రుకలు వస్తుంటే, దాన్ని థైరాయిడ్ ఖాతాలో వేసి ఊరుకోకూడదు. థైరాయిడ్ తక్కువైతే నెలసరి తప్పవచ్చు, గడ్డం కింద వెంట్రుకలు మాత్రం దానివల్ల రావు. ఎక్కువగా కనిపించే కారణం పీసీఓఎస్, అంటే అండాశయాలకు సంబంధించిన హార్మోన్ల సమస్య. 2003లో రోటర్‌డ్యామ్‌లో నిపుణులు కూర్చుని దానికి ఒక లెక్క కుదుర్చుకున్నారు. నెలసరి క్రమం తప్పడం, పురుష హార్మోన్ల ప్రభావం ఎక్కువగా ఉండటం, స్కానింగులో అండాశయం నిండా అండాలుండే చిన్న చిన్న సంచులు కనిపించడం, ఈ మూడింటిలో రెండుంటే చాలు. మీకు రెండున్నట్టే ఉంది. అయితే ఆ లెక్కకు ఒక షరతు ఉంది, దాన్నే చాలామంది మరచిపోతారు. ఇవే లక్షణాలు తెచ్చే ఇతర జబ్బులు లేవని తేల్చాకే ఆ పేరు పెట్టాలి. థైరాయిడ్ కుదురుగా ఉందా, పాలు పడేలా చేసే ప్రొలాక్టిన్ హార్మోను పెరిగిందా, మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథుల్లో పుట్టుకతో వచ్చే లోపం ఏమైనా ఇన్నాళ్ళకు బయటపడిందా, ఆ గ్రంథులు తయారుచేసే కార్టిసాల్ హార్మోను ఎక్కువైందా అని చూడాలి. అన్ని పరీక్షలూ అందరికీ అక్కరలేదు, ఎవరికి ఏది అవసరమో ఎంచుకోవడమే ఎండోక్రైనాలజిస్టు, అంటే హార్మోన్ల డాక్టరు, పని. గైనకాలజిస్టు కూడా ఇది చూడగలరు, కానీ మీకు థైరాయిడ్ చిక్కుముడి కూడా ఉంది కాబట్టి రెండింటినీ ఒకే చూపుతో చూసే మనిషి మేలు.

మీ వదినగారి ప్యాకేజీ ఎందుకు వద్దంటానో ఇక్కడే చెప్పేస్తాను. హార్మోన్లు గడియారం చూసుకుని, క్యాలెండరు చూసుకుని నడుస్తాయి. కార్టిసాల్ ఉదయం ఎనిమిది గంటలప్పుడు ఒకలా, అర్ధరాత్రి మరోలా ఉంటుంది. అండాశయాలను నడిపే ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ లాంటివి నెలసరి వచ్చిన రెండో రోజు నుంచి అయిదో రోజు లోపల చూస్తే అర్థం చేసుకోగలం, ఇరవయ్యో రోజున అదే అంకెకు అర్థం వేరు. ప్రొలాక్టిన్ అయితే సూది చూసి భయపడ్డా పెరుగుతుంది, వాంతులు తగ్గడానికి వేసుకునే డాంపెరిడోన్ లాంటి మాత్రలకూ పెరుగుతుంది. ఇన్ని రకాల వాటికి ఏదో ఒక మంగళవారం పదకొండు గంటలకు ఒకే గొట్టంలో రక్తం తీస్తే, నలభై అంకెలు వస్తాయి. అందులో రెండు మూడు ఎర్రగా అచ్చవుతాయి, ఎందుకంటే ఆరోగ్యవంతుల్లోనూ ప్రతి ఇరవై మందిలో ఒకరు హద్దుకు అవతల పడేటట్టుగానే ఆ హద్దులు గీస్తారు. ఆ ఎర్ర అంకెల గురించి మీకు నిద్రపట్టదు. ‘అడ్రినల్ అలసట’ అనే పేరుతో లాలాజలం పరీక్షలు అమ్మేవాళ్ళనూ దగ్గరకు రానీయకండి. అలాంటి జబ్బు ఒకటుందని ఎండోక్రైనాలజిస్టుల సంఘాలు ఒప్పుకోవు.

ఇదంతా విని ‘మరి మా డాక్టరు చెప్పినట్టు టీఎస్‌హెచ్ చూసుకుంటూ పోతే చాలు కదా’ అని ఎవరైనా అంటే, నా పొరపాటు ఒకటి చెప్పాలి.

టీఎస్‌హెచ్ థైరాయిడ్ తయారుచేసేది కాదు. మెదడు అడుగున బఠాణీ గింజంత ఉండే పిట్యూటరీ గ్రంథి థైరాయిడ్‌కు పంపే తాఖీదు అది. థైరాయిడ్ పని తగ్గిస్తే తాఖీదులు పెరుగుతాయి, ఎక్కువ చేస్తే ఆగిపోతాయి. అందుకే ఆ ఒక్క అంకె చూసి థైరాయిడ్ సంగతి చెప్పేస్తాం, నూటికి తొంభై పాళ్ళు సరిపోతుంది కూడా. కానీ తాఖీదు రాసే గుమాస్తాయే మంచాన పడితే?

చాలా ఏళ్ళ క్రితం ఒకామె నా దగ్గరకు వచ్చేది. రెండో కాన్పు అయి ఏడాదిన్నర. ఎండాకాలంలోనూ శాలువా కప్పుకుని కూర్చునేది. మాట నెమ్మది, చర్మం పాలిపోయి మైనంలా ఉండేది. టీఎస్‌హెచ్ చేయించాను, హద్దుల్లోనే ఉంది. ‘థైరాయిడ్ బాగుందమ్మా, ఇద్దరు పిల్లలతో అలసట మామూలే’ అని ఐరన్ మాత్రలు రాసి పంపాను. ఒకసారి కాదు, నాలుగైదు సార్లు. ఒక రోజు నేను లేనప్పుడు నా దగ్గర కొత్తగా చేరిన అమ్మాయి ఆమెను చూసింది. చూసి ఒక్క ప్రశ్న అడిగిందట: ‘కాన్పయ్యాక పాలు పడ్డాయా అమ్మా?’ పడలేదు. నెలసరి కూడా మళ్ళీ రాలేదు. కాన్పులో రక్తం చాలా పోయిందట, నాలుగు సీసాలు ఎక్కించారట. ఆ సంగతులేవీ నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. అప్పుడు ఫ్రీ టీ4 చేయిస్తే అడుగంటి ఉంది. గర్భంతో ఉన్నప్పుడు పిట్యూటరీ ఉబ్బి ఉంటుంది, ఆ సమయంలో రక్తం బాగా పోతే దానికి రక్తం అందక దెబ్బతింటుంది. షీహాన్ సిండ్రోమ్ అంటారు. అలాంటివాళ్ళలో టీఎస్‌హెచ్ హద్దుల్లోనే కనిపించవచ్చు. ఆమెను ఆ రోజే పంపాం. అక్కడ మొదట కార్టిసాల్ చూసి, అదీ లేదని తేల్చి, ముందు ఆ లోటు తీర్చే హైడ్రోకార్టిసోన్ ఇచ్చి, ఆ తర్వాతే థైరాయిడ్ మాత్ర మొదలుపెట్టారు. ఆ వరస తప్పి, ముందే థైరాయిడ్ మాత్ర ఇస్తే ప్రాణం మీదికి వస్తుంది. నేనైతే ఏం చేసి ఉండేవాణ్ణో ఆలోచించడం ఇప్పటికీ ఇష్టం ఉండదు.

మీకు అదే ఉందని కాదు, ఉన్నట్టు లేదు కూడా. ఆమె వచ్చినప్పుడల్లా ‘నీరసంగా ఉంది’ అనే ఒక్క మాటే చెప్పింది, నేనూ ఆ ఒక్క మాటకే మందు రాశాను. మీరు అలా వెళ్ళవద్దనే ఇదంతా చెప్పాను. ఒక కాగితం రాసుకుని వెళ్ళండి. ఒకటే కాగితం, ఒకవైపే. మూడేళ్ళలో చేసిన పరీక్షల తేదీలు, అంకెలు, వాటి పక్కన ఆ ప్రయోగశాల హద్దులు, అప్పుడు వాడుతున్న మోతాదు ఒక వరసలో. దాని కింద గత ఏడాది నెలసరి వచ్చిన తేదీలు. వెంట్రుకలు ఎప్పుడు మొదలయ్యాయి, ఎంత వేగంగా పెరుగుతున్నాయి. వాడే ప్రతి మాత్ర పేరు, విటమిన్లతో సహా, వేసుకునే వేళతో సహా. ఇంట్లో ఎవరికైనా థైరాయిడ్, మధుమేహం ఉన్నాయా. కాన్పులు అయి ఉంటే వాటి సంగతి. చనుమొనల నుంచి పాలలాంటి ద్రవం రావడం, తరచూ తలనొప్పి, పక్కచూపు తగ్గడం లాంటివి ఉంటే అవి తప్పకుండా పైన రాయండి, అవి పిట్యూటరీ వైపు వేలు చూపిస్తాయి. వాడు చెప్పాడు, వీళ్ళు చెప్పారు అనేవి వద్దు. ఒంటి రక్షణ వ్యవస్థే థైరాయిడ్ మీద దాడి చేస్తోందా అని చూసే యాంటీబాడీల పరీక్ష ఒకసారి చేయించి ఉంటే ఆ ఫలితం రాస్తే చాలు, మళ్ళీ మళ్ళీ చేయించినా దానివల్ల మందు మారదు.

ఆ కాగితం బల్ల మీద పెట్టి మీ డాక్టరుతో ఇలా అనవచ్చు: ‘డాక్టరుగారూ, థైరాయిడ్ మాత్రతో కాల్షియం కలిపి వేసుకుంటున్నాను, బయోటిన్ కూడా వాడుతున్నాను, ఇవి మీకు చెప్పలేదు. ఆ అంకెలు మీరే మళ్ళీ చూడండి. కానీ నెలసరి, ఈ వెంట్రుకలు థైరాయిడ్ వల్లేనా, వేరే కారణం ఉందా అన్నది ఒకసారి ఎండోక్రైనాలజిస్టు చూసి చెబితే నాకు మనసు కుదుటపడుతుంది. చీటీలో ఆ ప్రశ్న రాసి ఇస్తారా?’ ఇందులో ఆయన తప్పు ఎక్కడా లేదు, మీ పొరపాటు మీరే ఒప్పుకుంటున్నారు, థైరాయిడ్ ఆయన చేతిలోనే ఉంచుతున్నారు. నా దగ్గరకు ఎవరైనా ఇలా వచ్చి ఉంటే కలం వెతుక్కునేవాణ్ణి.

అయినా వద్దంటే కోపం తెచ్చుకోకండి. ‘సరేనండీ, ఏ పరిస్థితి వస్తే పంపుతారు, ఎన్నాళ్ళు చూద్దాం?’ అని అడగండి. ‘మూడు నెలలు చూద్దాం, అప్పటికీ నెలసరి కుదురుకోకపోతే పంపుతాను’ అన్నారంటే అది న్యాయమైన జవాబే. దాన్ని ఆయన చేతనే చీటీ మీద రాయించుకోండి. ‘అదేం లేదులే, వెళ్ళిరా’ అన్నారంటే, మరో డాక్టరును అడగడంలో ద్రోహమేమీ లేదు. చీటీ లేకుండా నేరుగా స్పెషలిస్టును కలిసే వీలున్న చోట ఉంటే నేరుగానే వెళ్ళండి, ఆ కాగితం మాత్రం మరచిపోవద్దు. వెళ్ళివచ్చాక వాళ్ళు రాసినది తెచ్చి మీ పాత డాక్టరుకు చూపించండి. పదేళ్ళ అనుబంధం నిలబడేది అలాగే.

స్పెషలిస్టు దగ్గర తేదీ దొరకడానికి వారాలు పట్టవచ్చు. అందుకే థైరాయిడ్ కుదురుకున్నాక అడుగుదాం అని ఆగకుండా ఇప్పుడే అడగండి. ఈలోపు మాత్రల వేళలు సరిచేసుకుంటే, అక్కడికి వెళ్ళేసరికి చేతిలో నమ్మదగిన అంకె ఉంటుంది. అది లేకుండా వెళితే వాళ్ళూ ‘కాల్షియం ఎడంగా వేసుకుని రెండు నెలల తర్వాత రండి’ అంటారు. అలసట అంతా హార్మోన్లదే కాకపోవచ్చు కాబట్టి రక్తహీనత, ఐరన్ నిల్వలు, బి12, రక్తంలో చక్కెర కూడా ఈలోపు మీ డాక్టరే చూడగలరు.

వారాలు ఆగకూడని సందర్భాలు కొన్ని ఉన్నాయి. మెడ దగ్గర గడ్డ వేగంగా పెరగడం, గొంతు బొంగురుపోయి తగ్గకపోవడం, మింగడానికో ఊపిరికో కష్టం కావడం. వెంట్రుకలు కొద్ది నెలల్లోనే గుబురుగా పెరిగి గొంతు మొరటుగా మారడం. చూపు పక్కలకు ఆనకపోవడం. వీటికి మామూలు చీటీ కాదు, ‘అత్యవసరం’ అని రాసిన చీటీ కావాలి. ఇక ఊపిరి ఆడకపోయినా, విపరీతమైన దడతో జ్వరం, మతి తప్పిన మాటలు ఉన్నా చీటీ కోసం చూడకుండా ఆసుపత్రికే వెళ్ళాలి.

గర్భ పరీక్ష ఫలితం ఎలా వచ్చినా, ఆ తేదీ కూడా కాగితం మీద రాయండి. స్పెషలిస్టు మొదట అడిగేది అదే.